సముద్రం ఎక్కడికెళ్లిపోద్ది

గోదావరిఖని,
14 జూలై 2005

ప్రాణంతో సమానమైన రెజీనాకు,

మేం బాగున్నాం, మీరూ బాగుండాలి. టోనీ అన్నయ్య మోకాలి నొప్పి ఎలా ఉందో పోయిన ఉత్తరంలో రాయలేదు నువ్వు. ఇక్కడ వానలు మొదలయ్యాయి. బట్టలు ఆరేస్తే బొగ్గుమసి, మసి కడిగితే మళ్లీ వాన. మన మందమర్రి క్వార్టర్లలో మీ అమ్మ సాయమ్మత్త తెల్లచీర కట్టుకుని చర్చికి బయలుదేరి, గుమ్మం దాటగానే ఆకాశాన్ని తిట్టుకుంటూ వెనక్కి వచ్చేది చూడు, ఇప్పుడు మా వరుసలో ఇంటింటా అదే బాగోతం.

అసలు సంగతికి వస్తాను. మా ఆయన వచ్చే మార్చి ఆఖరున రిటైరవుతున్నాడు. ముప్పై నాలుగేళ్లుగా బాయి దిగుతున్నాడు. గనిని బాయి అంటే మీ విశాఖపట్నం వాళ్లు "నూతిలో ఏం పని?" అని అడిగారని రాశావు కదా, వాళ్లకు నా నమస్కారాలు చెప్పు. సపోర్టుమన్ పనేమిటో నీకు చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను, నా మొగుడి గొప్ప నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు? బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేది వాళ్లే. కర్రతో కప్పును కొట్టి, చప్పుడు విని, ఇక్కడ నిలబడండి, అక్కడ వద్దు అని చెప్పేదీ వాళ్లే. ఆయన నిలబడమన్న చోట నిలబడ్డ వాళ్లంతా సాయంత్రం ఇళ్లకు చేరారు.

నాలుగేళ్లకోసారి కంపెనీ వాళ్లు, పెళ్లాం పిల్లలతో పోయి దేశం చూసి రమ్మని సెలవిస్తారు. ఒకసారి మా అబ్బాయి ఉపేందర్ పదో తరగతి పరీక్షలన్నాడు. ఒకసారి చెల్లెలి పురుడన్నాడు. మరోసారి ఏ సాకూ దొరక్క నడుం నొప్పి అన్నాడు, అదే నడుముతో ఒక్క నాగా లేకుండా నెలంతా డ్యూటీకి పోయాడు. ఇన్నేళ్లలో నేను చూసిన దేశమేమిటంటే వేములవాడ, కొండగట్టు, ధర్మపురి, మేడారం. ఇదే చివరి విడత. మార్చి దాటితే ఇక లేదు.

నాకు సముద్రం చూడాలని ఉంది రెజీనా. ఆయన పక్కన నిలబడి చూడాలని ఉంది. ఆ మాట అంటే ఏమన్నాడో తెలుసా? "ఉప్పునీళ్లు చూడనీకి గంత దూరం పోవాల్నా? గంజుల నీళ్లు పోసి దోసెడు ఉప్పెయ్యి. కూసొని చూడు."

అందుకని నువ్వొక పని చెయ్యి. టూరిస్టు బస్సుల టికెట్లు అమ్మే కౌంటర్లో పదకొండేళ్లుగా కూర్చున్నదానివి. నీకు తెలియని చోటుందా? నగరం, సముద్రం, అరకు కొండలు, గుహలు, అన్నీ నోరూరేట్టు రాయి. ఫోన్లో చెప్తే ఆయనకు చదివి వినిపించలేను కదా. ఆయన అన్నం తినేటప్పుడు పైకి చదువుతాను. నోట్లో ముద్ద ఉన్నప్పుడే ఆ మనిషి అడ్డం మాట్లాడడు.

నీ
అనసూర్య

*

విశాఖపట్నం,
30 జూలై 2005

అనసూర్యకు, ముద్ద నోట్లో పెట్టుకున్న సదయ్య బావకు,

బావా, నమలడం ఆపకు. విను.

మా ఊళ్లో కొండ దిగితే సముద్రం, సముద్రం ఒడ్డున రోడ్డు, రోడ్డు పక్కన ఊరు. పొద్దున్నే వలలు లాగే వాళ్లు, సాయంత్రం మరమరాల బళ్లు, వేడి వేడి మొక్కజొన్న పొత్తులు. కైలాసగిరి మీదికి తీగ మీద వేలాడే డబ్బాలో కూర్చుని పోవచ్చు. నీళ్ల అడుగున తిరిగిన యుద్ధపు ఓడను ఒడ్డుకు లాగి పెట్టారు, లోపలికి దూరి చూడవచ్చు, నీకు బాగా నచ్చుతుంది. భీమిలి దారిలో ఒక పక్క ఎర్రమట్టి దిబ్బలు, ఒక పక్క నీలి నీళ్లు.

ఇక అరకు. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. రైలు కొండల కడుపులో నుంచి పోతుంది, సొరంగాలే యాభైకి పైగా. పైకి చేరగానే చల్లటి గాలి, కాఫీ తోటలు. డిసెంబరులో వలిసె పూలు పూస్తే లోయంతా పసుపు ఆరబోసినట్టే. ప్రకృతి కాంత పచ్చని చీర కట్టి పర్యాటకులను రారమ్మని పిలుస్తుంది. బొర్రా గుహల్లో రాళ్లు కరిగి దిగిన రూపాలు ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా మెరిసిపోతుంటాయి, చూడడానికి రెండు కళ్లు చాలవు.

డిసెంబరు మొదటి వారంలో రండి. మా ఇంట్లోనే దిగాలి. బావా, ఇంత రాశాక కూడా నువ్వు రాకపోతే మీ గోదావరిఖని మొగవాళ్లకు చీకటి తప్ప వెలుగు నచ్చదని మా ఆయన టోనీతో చెప్తాను.

నీ
రెజీనా

*

గోదావరిఖని,
16 ఆగస్టు 2005

రెజీనాకు,

నీ నోరు చల్లగుండ! ఉత్తరం చదువుతుంటే మా ఆయన నమలడమే మర్చిపోయాడు. ప్రకృతి కాంత దగ్గర మాత్రం పొలమారింది. "ఆమె ఎవలు? గా కాంత గూడ మీ బడిలనే చదివిందా?" అని అడిగాడు. పక్క క్వార్టరు పోశం బావ, ఆయన తల్లి సమ్మవ్వ గోడ మీంచి విన్నారట, మర్నాడు వాళ్లూ వచ్చి కూర్చుంటే మళ్లీ చదివాను. ఆదివారం ఏడుగురు. సమ్మవ్వ వలిసె పూల దగ్గరికి రాగానే "మల్లొక్కసారి చదువు బిడ్డా" అంటుంది. ఇంట్లో టీవీ ఉందన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

ఆయన వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు, అదే నాకు పండగ. కానీ ప్రశ్నలు మొదలుపెట్టాడు. సముద్రం మీద కాదు, అరకు మీద కాదు, అన్నీ ఆ గుహల మీదే. చేతులు కడుక్కుంటూ అడుగుతాడు, మంచం మీద దొర్లుతూ అడుగుతాడు. ఆయన మాటలే రాస్తున్నాను:

"కప్పు ఎంతెత్తున్నది? సపోర్టు ఏం పెట్టిన్రు? దుంగలా, ఇనుపవా? గాలి ఎటుకెల్లి వస్తది? నీళ్లు కారుతయా, కారితే ఏ పక్క? ఆడోళ్లను లోపట ఎంత దూరం పోనిస్తరు?"

వెంటనే జవాబు రాయి. ఇనుము వేడిగా ఉన్నప్పుడే కొట్టాలి.

నీ
అనసూర్య

*

విశాఖపట్నం,
5 సెప్టెంబరు 2005

అనసూర్యకు,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. పండగ రోజులు, కౌంటర్లో ఊపిరాడడం లేదు. నిన్న ఒకాయన పదహారు టికెట్లు తీసుకుని, అత్తగారు అలిగిందని పదిహేను చేయమన్నాడు, బస్సు కదిలేముందు ఆవిడే పరుగెత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చుంది.

గుహల కప్పు చాలా ఎత్తు. గాలి బాగానే వస్తుంది. అవన్నీ వచ్చాక చూడొచ్చులే. అన్నట్టు ఇక్కడి చేపల రేవు గురించి రాయలేదు కదా? తెల్లవారకముందే పడవలు వస్తాయి, బుట్టల్లో వెండి పోసినట్టు చేపలు. సమ్మవ్వకు వంజరం పులుసు నేనే చేసి పెడతానని చెప్పు.

నీ
రెజీనా

*

గోదావరిఖని,
24 సెప్టెంబరు 2005

రెజీనాకు,

సూటిగా అడుగుతున్నాను. నువ్వు ఆ గుహల్లోకి ఎప్పుడైనా పోయావా?

నీ ఉత్తరం చదివాక మా ఆయన నవ్వాడు. మంచి నవ్వు కాదు. "మీ దోస్తు గా గుహలకు పోలే" అన్నాడు. నేను ఊరుకుంటానా? చూడని దాన్ని అట్లా రాస్తుందా అని మీద పడ్డాను. ఆయన చెప్పింది విను.

"భూమి లోపటికి పోయొచ్చినోళ్లు ముందుగాల కాళ్ల కింద సంగతి చెప్తరు. జారిందనో, బురద ఉన్నదనో. ఎన్క గాలి చెప్తరు. గటెన్క కప్పు చెప్తరు. రంగులు ఎవలు చెప్పరు. ఆమె రంగులే చెప్పింది. గది పోయినోళ్ల మాట కాదు, కాగితం మీద బొమ్మ చూసినోళ్ల మాట."

పోశం బావ కూడా అవునన్నాడు. ఏడుగురిలో ఒక్కరూ నీ పక్క మాట్లాడలేదు. నేను మాట్లాడాను, కానీ మాట్లాడుతుంటే నాకే నమ్మకం చాలలేదు. "చూడనోళ్ల మాట పట్టుకొని పన్నెండు రోజులు నాగా పెట్టాల్నా?" అని ఆయన సెలవు కాగితం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టేశాడు.

నాకు కోపం వచ్చింది రెజీనా. నువ్వు చూడలేదని కాదు. ఆ మాట నాతో అనలేదని. నాలుగో తరగతిలో నీ పలక పగిలితే నాది విరిచి సగం ఇచ్చినదాన్ని నేను.

అనసూర్య

*

విశాఖపట్నం,
3 అక్టోబరు 2005

అనసూ,

పోలేదు. ఒక్కసారి కూడా పోలేదు. అరకు కూడా చూడలేదు. తీగ మీద డబ్బా ఎక్కలేదు. ఓడ లోపలికి దూరలేదు. ప్రకృతి కాంత మా గోడ మీద అంటించిన కాగితంలో ఉంటుంది, రోజూ నా నెత్తి మీదే వేలాడుతుంది కాబట్టి నోటికి వచ్చేసింది.

ఈ ఊరికి కోడలినై ఇరవై ఎనిమిదేళ్లు. మొదట్లో టోనీని అడిగేదాన్ని. పోర్టులో క్రేను దిగి వచ్చి కాళ్లు చాపుకుని, "సముద్రం ఎక్కడికెళ్లిపోద్దే రెజీనా, ఇక్కడే ఉంటాది కదా" అనేవాడు. నిజమే అనిపించేది. తర్వాత పిల్లలు, తర్వాత ఈ కౌంటరు. అందరికీ సెలవైన రోజే నాకు పని ఎక్కువ. ఆదివారం చర్చి. పెరటి చెట్టు మందుకు రాదంటారే, అట్లా బస్సులో నుంచి రోజూ సముద్రాన్ని చూస్తూ కాళ్లు తడుపుకుని ఎనిమిదేళ్లయింది. అడిగిన వాళ్లందరికీ చూసినట్టే చెప్పడం అలవాటైపోయింది. నీ దగ్గర కూడా అదే నోటితో మాట్లాడాను చూడు, అందుకు సిగ్గుగా ఉంది. క్షమించు.

కానీ అనసూ, నేను నిజంగా చూసింది ఒకటుంది. సాయంత్రం బస్సు తిరిగి వచ్చి నా కిటికీ ముందే ఆగుతుంది. దిగే వాళ్లను చూస్తాను. ప్యాంటు మడతల్లో ఇసుక ఉంటుంది. పెద్దవాళ్లు నోరు తెరిచి నిద్రపోయి లేచిన ముఖాలతో దిగుతారు. పిల్లల జేబుల్లో గవ్వలు, ఆ గవ్వలకు ఒక నీచు వాసన, అది కూడా వాళ్లు పారేయనివ్వరు. పొద్దున టికెట్ కొనేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోని మొగుడూ పెళ్లాలు, సాయంత్రం ఒకే పల్లీల పొట్లంలో చేతులు పెట్టి దిగడం నేను చాలాసార్లు చూశాను. ఒక ముసలాయన, నెల్లూరు వైపు మనిషి, నా కిటికీ దగ్గరికి వచ్చి, "నాకు డెబ్బై ఏళ్లమ్మా, ఇవాళ కేరింతలు కొట్టాను" అని చెప్పి పోయాడు. ఎవరికో చెప్పాలి కదా, నాకు చెప్పాడు.

అక్కడ ఏముందో నాకు తెలియదు. అక్కడికి పోయిన వాళ్లు ఎట్లా తిరిగి వస్తారో తెలుసు. అంతే నా దగ్గరున్నది.

బావకు ఇది చదువుతావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం.

నీ పలకలో సగం,
రెజీనా

*

గోదావరిఖని,
20 అక్టోబరు 2005

నా రెజీనాకు,

పొయ్యిలో పెట్టలేదు. చదివాను. మొదట వంటింట్లో నాకు నేనే చదువుకుని కళ్లు తుడుచుకున్నాను, తర్వాత రాత్రి అన్నంలోకి చదివాను. కేరింతల ముసలాయన దగ్గర మా ఆయన కలుపుతున్న చేయి ఆపేశాడు. ఆ తర్వాత, "గిప్పుడు నిజం చెప్పింది" అన్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేశాను, ఆ మనిషి మనసులో మాట ఆ రాత్రి బయటికి వచ్చింది. నాకు భయమైతుందే అన్నాడు. నేను నమ్మలేదు. బాయిలో కప్పు కింద నిలబడేవాడికి భయమేమిటి? "గది వేరు. ఆడ నాకు పని ఉంటది. పండుగ పూట గూడ ఇంట్ల కూసునుడు నాకు చాతనైతదా? చూస్తనే ఉన్నవ్ గద. గంత దూరం పోయి పొద్దంత ఏం చెయ్యాలె? నువ్వు సంబురంగ ఉంటె నేను పక్కన మొద్దు లెక్క నిలబడితె, నీ సంబురం గూడ నాశనమైతది. గందుకే తప్పించుకుంట వచ్చిన."

చూశావా రెజీనా, ఇన్నేళ్లూ నేను ఈయనకు నా మీద ఇష్టం లేక తీసుకుపోవడం లేదనుకున్నాను. ఆ మాట నీకు కూడా ఎప్పుడూ రాయలేదు. నువ్వొక్కదానివే దాచావని కోప్పడ్డాను కానీ నేనేం తక్కువ తిన్నాను?

మర్నాడు పొద్దున బియ్యం డబ్బా మీద కాగితం తీసి, మడత విప్పి, సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. డిసెంబరు మూడు నుంచి పన్నెండు రోజులు! పోశం బావ, సమ్మవ్వ కూడా వస్తున్నారు. పోశం బావ వస్తున్నాడని, వీళ్లిద్దరితో బాయి దిగే రాయమల్లు, కొమురెల్లి కుటుంబాలు కూడా. మొత్తం పద్నాలుగు మందిమి. మీ ఇల్లు చాలదు, ఏదైనా సత్రం చూసి పెట్టు.

ఒక షరతు ఉంది, ఆయన పెట్టింది. "రెజీనమ్మ తన చేత్తోని తన టికెట్ చింపుకోవాలె. ఆమె బస్సెక్కితెనే మేం ఎక్కుతం."

నీ
అనసూర్య

*

విశాఖపట్నం,
4 నవంబరు 2005

అనసూర్యకు, బావకు, ఇంకా పన్నెండు మందికి,

మా యజమానిని సెలవడిగాను. పదకొండేళ్లలో మొదటిసారి, ఆయన కంగారు పడి ఎవరికి బాగాలేదన్నాడు. అందరూ బాగున్నారు, అరకు పోతున్నానన్నాను. ఏ బస్సు అన్నాడు. మన బస్సే అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను చూశాడు. డిసెంబరు ఆరో తేదీకి ఒక్క రోజు ఇచ్చాడు, మిగతా రోజుల్లో కౌంటరు తప్పదు.

టికెట్ నేనే రాసుకున్నాను. పేరు దగ్గర రెజీనా అని రాసి, రెండుసార్లు పైకి చదువుకున్నాను, నవ్వకు. కిటికీ పక్క సీటు. ఇన్నేళ్లూ ఆ సీటు కోసం జనం నాతో పోట్లాడితే వీళ్లకేం పిచ్చి అనుకునేదాన్ని. నిన్న టోనీ, "నాకు రాయలేదేం?" అని అలిగాడు. ఆయనకు కూడా రాశాను, కానీ కిటికీ నాదే.

సత్రం చూశాను, సముద్రం దగ్గరే. దుప్పట్లు తెచ్చుకోండి, అరకులో చలి.

నీ
రెజీనా

*

విశాఖపట్నం,
19 డిసెంబరు 2005

అనసూ,

మీరు రైలెక్కి ఆరు రోజులైంది, ఇల్లు బోసిపోయింది. సమ్మవ్వ మర్చిపోయిన వక్కల సంచి నా దగ్గరుంది. టోనీ పొద్దున లేవగానే "ఇయాల ఎటెళ్దాం?" అంటున్నాడు. క్రిస్మస్ పనులు మీదున్నా నిన్న ఇద్దరం భీమిలి పోయి వచ్చాం. మోకాలి నొప్పి గురించి అడగకు, ఆయనే మర్చిపోయాడు.

గుహలో నువ్వు ముందున్నావు, నేను వెనక సమ్మవ్వతో ఉన్నాను కాబట్టి వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. చెప్తాను. కప్పు కిందికి దిగిన చోట బావ వెనక్కి వచ్చి, "అవ్వా, నీ కట్టె ఇయ్యి" అని సమ్మవ్వ కర్ర పట్టుకుపోయాడు. ఆవిడ బరువంతా నా భుజం మీద. "ఆగుండ్రి" అని ముందు నుంచి ఆయన గొంతు వినపడిందో లేదో, పోశం బావ, రాయమల్లు, కొమురెల్లి ముగ్గురూ ఉన్నచోటే బిగుసుకుపోయారు. కొమురెల్లి ఒక కాలు గాల్లోనే ఉంది, కింద పెట్టలేదు! వాళ్లను చూసి వాళ్ల ఆడవాళ్లు ఆగారు. వాళ్లను చూసి మిగతా బస్సంతా ఆగింది. నలభై మంది ఊపిరి బిగబట్టారు. టక్, టక్, టక్ అని కర్ర చప్పుడు. నా వెనక కలకత్తా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. నాకు తెలిసిన నాలుగు హిందీ ముక్కల్లో, "డాక్టరు గుండె చూస్తున్నాడు" అన్నాను.

పాపం గైడుకు మండింది. అలా కొట్టకూడదండీ, ఈ గుహ లక్షల ఏళ్ల నుంచి ఉందండీ అన్నాడు. బావ ఏమన్నాడు? "లక్షల ఏండ్ల సంగతి నాకు తెల్వది సారూ. ఇయ్యాల పొద్దుగాల ఎవలన్న చూసిన్రా?" ఆయనే మళ్లీ చెవి పెట్టి విని, "గట్టిగున్నది, నడువుండ్రి" అన్నాకే కొమురెల్లి కాలు నేల మీదికి వచ్చింది. అక్కడి నుంచి జనం గైడును వదిలేసి బావ వెనకే నడిచారు. ఆయన ఆగితే ఆగారు, ఆయన తల వంచితే వంచారు.

ఇప్పుడు నా కిటికీ దగ్గరికి వచ్చి గుహలు ఎలా ఉంటాయని అడిగితే, "కాళ్ల కింద జారుతుంది, చెప్పులు మంచివి వేసుకోండి" అని మొదలుపెడుతున్నాను. మా యజమాని విని నవ్వుకుంటున్నాడు.

రెండు సంగతులు మాత్రం నువ్వు చెప్పలేదు. గుహలో మీరిద్దరూ ఒక మూల ఆగిపోయారు, బయటికి వచ్చేసరికి నీ కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఇక ఎనిమిదో తేదీన అందరూ ఓడ చూడడానికి పోతే మీరిద్దరూ రాలేదు. ఎక్కడికి పోయారే అంటే నవ్వావు. నేను కౌంటర్లో చెమటలు కక్కుతుంటే మీరేం చేశారు?

నీ
రెజీనా

*

గోదావరిఖని,
30 డిసెంబరు 2005

నా రెజీనాకు,

మీ ఇంటిల్లిపాదికీ పండగ, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. ఇక్కడ మా ఇంట్లో రోజూ జనమే. సమ్మవ్వ సముద్రం గురించి చెప్తుంటే అలలు మా గోడ దాకా వచ్చి పోతున్నాయి. గోలేటి నుంచి సారవ్వ చిన్నమ్మ పనిగట్టుకుని వచ్చి రెండు రోజులుండి విని పోయింది. వచ్చే ఏడాది మీ బస్సులు చాలవు, మీ యజమానికి చెప్పు.

గుహ సంగతి ముందు చెప్తాను. కర్ర సమ్మవ్వకు తిరిగి ఇచ్చి వచ్చాక ఆయన నన్ను ఒక మూలకు తీసుకుపోయాడు. అక్కడ రంగు లైటు లేదు. నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. నా చెయ్యి పట్టుకుని తడి రాతి మీద పెట్టించి, మెల్లగా అన్నాడు. "గీ రంగులు తీసెయ్యి. గిదే నా డ్యూటీ. గిదే తడి, గిదే వాసన. నిన్ను బాయిలకు తోల్కపోనియ్యరు గద. ఇన్నేండ్లు నేను ఏడికి పోతున్ననో నీకు చూపెట్టలేదు. గందుకే గీ గుహ సంగతి అన్నిసార్లు అడిగిన."

నాకు ఆయన అన్నం డబ్బా తెలుసు, మసి బట్టలు తెలుసు, తలుపు కొట్టే చప్పుడు తెలుసు. ఆ మధ్యలో ఉన్న ఎనిమిది గంటలు నాకెప్పుడూ తెలియవు. ఆ చోటు నా అరచేతికి తగిలింది రెజీనా. ఏడుపొచ్చింది, గర్వంగా కూడా ఉంది.

ఇక ఎనిమిదో తేదీ. మేం ఎక్కడికీ పోలేదు.

పొద్దున అయిదుకే అలవాటుగా లేచాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, మంచం అంచున కూర్చున్నాడు. "తయారైన గని, ఎటు పోవాలె?" అన్నాడు. ఆయన భయపడ్డ రోజు అదే. నాక్కూడా భయం వేసింది. ఈ ఒక్క రోజూ ఆయనకు కుదరకపోతే ఇంకెప్పుడూ నన్ను ఎక్కడికీ తీసుకురాడు. సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి ఇసుకలో కూర్చోబెట్టాను. అప్పుడు సరిగ్గా ఏడు గంటలు, మొదటి షిఫ్టు బాయి దిగే వేళ.

మొదట అరగంటకోసారి టైమడిగాడు. ఇప్పుడు దిగుంటరు, ఇప్పుడు పని మీదికి చేరుంటరు, ఇప్పుడు చాయ తాగుతుంటరు అని లెక్క చెప్పాడు. లేచి అటూ ఇటూ నడిచాడు. వల లాగే వాళ్ల దగ్గరికి పోయి ఒక పట్టు పట్టి వచ్చాడు. ఇడ్లీలు తిన్నాం. పది దాటాక టైమడగడం మానేశాడు. నేను గమనించనట్టే ఉన్నాను. చెప్పులు విప్పాడు. తర్వాత తువ్వాలు పరచుకుని వెల్లకిలా పడుకున్నాడు, చేతులు తల కింద పెట్టుకుని. చాలాసేపు పైకి చూసి, "కొట్టి చూడనీకి పైన ఏం లేదే" అన్నాడు. అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నవ్వుతూనే నిద్రపోయాడు. పగటిపూట, నలుగురిలో, నోరు తెరుచుకుని! నువ్వు రాశావు చూడు బస్సు దిగే వాళ్ల గురించి, అట్లా.

నేను సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాను. ఎంత చూసినా చాలలేదు. ఒక అల పోతే, ఇంకోటి దీనికన్నా పెద్దదొస్తుందని పందెం కాసుకున్నాను, నాకు నేనే. సగం పందేలు ఓడిపోయాను.

ఆయన లేచేసరికి ఎండ వాలింది. మూడయింది. మొదటి షిఫ్టు పైకి వచ్చే వేళ. నేను చీర దులుపుకుని, "షిఫ్టు అయిపోయింది, ఇంటికి పోదామా?" అన్నాను.

ఆయన కదల్లేదు. నా కొంగు పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాడు. "రెండో షిఫ్టు మనిషి రాలే," అన్నాడు. "గది గూడ నేనే చేస్త. నువ్వు గూడ కూసో."

నీ
అనసూర్య